కీబోర్డు ఎవరి చేతిలో? విశాఖలో ఒక డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ కేస్ స్టడీ

మధురవాడ దాటి ఆనందపురం వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను సీఎస్ఈ పాఠాలు చెబుతాను. ఇక్కడ రాస్తున్నది రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో, సమాచారాన్ని కంప్యూటర్‌లో అమర్చుకునే పద్ధతులు నేర్పే డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ సంగతి. ఆ సెమిస్టర్‌నే తీసుకోవడానికి కారణం సెక్షన్ కూర్పు. మొదటి ఏడాది కలిసి చదివిన 60 మంది ఎవరి గుంపులో వాళ్లు సర్దుకునేసరికి, ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసిన పాలిటెక్నిక్ డిప్లొమా పిల్లలు నేరుగా రెండో సంవత్సరంలోకి వస్తారు. వాళ్లు వచ్చేసరికి బెంచీలూ నిండిపోయి ఉంటాయి, స్నేహాలూ నిండిపోయి ఉంటాయి.

సెక్షన్‌లో గాజువాక వైపు ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఇంటర్‌కి ముందే కాస్త పైథాన్ చూసినవాళ్లు కొందరు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రెండేళ్లు ఈఏపీసెట్ బిట్లు తప్ప మరేదీ ముట్టుకోనివాళ్లు ఎక్కువ మంది. అనకాపల్లి, చోడవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెలుగు మీడియంలో పది దాకా చదివి వచ్చినవాళ్లు కొందరు. పాడేరు, చింతపల్లి వైపు ఆశ్రమ పాఠశాలల నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు. పైన చెప్పిన డిప్లొమా బ్యాచ్ సరే. చూపు బాగా తక్కువగా ఉన్న అబ్బాయి ఒకడు. అమ్మాయిలు సగానికి కొంచెం తక్కువ.

కంప్యూటర్ సైన్స్‌లో అందరికీ చోటు అనే మాట వచ్చినప్పుడల్లా అమెరికా ఉదాహరణలే చెబుతారు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1995లో కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్లలో అమ్మాయిలు 7 శాతం ఉంటే 2000 నాటికి 42 శాతానికి తెచ్చారు. మంచి పనే. కానీ అక్కడ సమస్య గేటు బయట ఉంది, మనకు గేటు లోపల ఉంది. మా అడ్మిషన్ రిజిస్టర్ చూస్తే అందరూ ఉన్నారు. ల్యాబ్‌లోకి వచ్చి కీబోర్డు మీద ఎవరి వేళ్లు ఉన్నాయో చూస్తే సగం మంది లేరు.

ల్యాబ్‌లో జరుగుతున్నది ఇదీ. సిస్టమ్‌లు అన్నీ పనిచేయవు కాబట్టి ఎలాగూ ఇద్దరికి ఒకటి. రోల్ నంబర్ వరసలో కూర్చుంటారు. ఇద్దరిలో ఎవరికి వస్తే వాళ్లు టైప్ చేస్తారు, రెండోవాళ్లు అబ్జర్వేషన్ బుక్‌లో ప్రోగ్రామ్ ఎక్కించుకుంటారు. "మేడం, ఔట్‌పుట్ వచ్చింది" అని పిలుస్తారు, నేను వెళ్లి సంతకం పెడతాను. ఇద్దరికీ సంతకం పడింది కాబట్టి ఇద్దరూ చేసినట్టే. అసలు సంగతి సెమిస్టర్ చివర వైవాలో తెలుస్తుంది, అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. రాసుకునేవాళ్లు బద్ధకస్తులనుకుంటే పొరపాటు. చేతిరాత ముత్యాల్లా ఉండే ఒక అమ్మాయి ఇద్దరి రికార్డూ తనే రాసేది. పక్క కుర్రాడు కోడ్ కొట్టేవాడు. వాళ్ల దృష్టిలో అది న్యాయమైన పంపకం.

కాబట్టి కలిసి పనిచేయడం మా పిల్లలకు రాదని నేను అనను. బాగా వచ్చు. పని పంచుకోవడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. ఆ పంపకంలో నేర్చుకోవాల్సిన భాగం ఎప్పుడూ ఒకరి వాటాకే పోతోంది, అదీ సమస్య. "గ్రూపుగా చేయండి" అని చెబితే ఆ పంపకం ఇంకా గట్టిపడుతుంది.

జంటలు, 15 నిమిషాల బెల్లు

మొదట మార్చింది కూర్చునే పద్ధతి. జంటగా ప్రోగ్రామింగ్ చేయడం 1990ల చివర్లో కెంట్ బెక్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌లో ఒక భాగం. ఒకరు డ్రైవర్, అంటే కీబోర్డు వాళ్లది. రెండోవాళ్లు నావిగేటర్. తర్వాత ఏం రాయాలో చెప్పడం, తప్పు పట్టుకోవడం వాళ్ల పని. దాన్ని కాలేజీ ల్యాబుల్లోకి తెచ్చి పరిశోధించినవాళ్లలో లారీ విలియమ్స్ పేరు ముందు చెప్పాలి. శాంటాక్రూజ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో కూడా 2000ల మొదట్లో చూశారు. జంటగా నేర్చుకున్నవాళ్లు కోర్సు మధ్యలో వదిలేయడం తగ్గింది, కంప్యూటర్ సైన్స్‌లోనే కొనసాగినవాళ్లు పెరిగారు.

మా ల్యాబ్‌లో నియమాలు తక్కువే. 15 నిమిషాలకు ఒకసారి ల్యాబ్ అసిస్టెంట్ గారు బెల్లు కొడతారు, కుర్చీలు మారాలి. నావిగేటర్ కీబోర్డు ముట్టకూడదు, మౌస్ కూడా. డ్రైవర్ తన సొంత ఆలోచన రాయకూడదు, పక్కవాళ్లు చెప్పిందే రాయాలి, నచ్చకపోతే వాదించాలి. మూడు ల్యాబులకు ఒకసారి జంట మారుతుంది.

చివరి నియమం దగ్గర గొడవ మొదలైంది. ఎవరిని ఎవరితో వేయాలి? స్టాఫ్ రూమ్‌లో అందరిదీ ఒకే సలహా: టాపర్ పక్కన వెనకబడినవాణ్ణి కూర్చోబెట్టు, వాడు నేర్పుతాడు. నేను ఒప్పుకోలేదు. అలా వేస్తే టాపర్ టీచర్ అయిపోతాడు, రెండోవాడు తలూపడం నేర్చుకుంటాడు. జంటలు నిలబడేది ఇద్దరి స్థాయీ దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే. కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీలో, 2006లో మరియా క్లావే ప్రెసిడెంట్‌గా వచ్చిన రోజుల్లోనే, మొదటి కోర్సును ప్రోగ్రామింగ్ ముందే తెలిసినవాళ్లకూ అసలు తెలియనివాళ్లకూ వేరు చేశారు. తెలియనివాళ్లు తెలిసినవాళ్లను చూసి బెదిరిపోకుండా ఉండటం కోసం. ఇతర మార్పులూ తోడై, కంప్యూటర్ సైన్స్ మేజర్లలో అమ్మాయిల వాటా 10 శాతం దగ్గర నుంచి కొద్ది సంవత్సరాల్లోనే 40 శాతం దగ్గరికి వచ్చింది. మాకు రెండు సెక్షన్లు చేసే అధికారం లేదు. జంటల చీటీ మాత్రం నా చేతిలోదే.

స్థాయి అంటే మార్కులు కాదు. మొదటి ల్యాబ్‌లో ఒక చిన్న కాగితం ఇచ్చి మూడు అడిగాను: చూడకుండా టైప్ చేయగలవా, కంపైలర్ (రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగేలా మార్చే ప్రోగ్రామ్) ఎర్రర్ చూపిస్తే ఒంటరిగా సరిచేయగలవా, ఎవరి పక్కన కూర్చోవడం నీకు ఇబ్బంది. మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులు ఎవరికీ చూపించలేదు. కొందరు అమ్మాయిలు అబ్బాయిల పక్కన వద్దని రాశారు. వాళ్లను బలవంతం చేయలేదు. అందరినీ కలపడం పేరుతో ఒక పిల్లను మూడు గంటలు టెన్షన్‌లో కూర్చోబెడితే ఆమె నేర్చుకునేది ఏమీ ఉండదు. సెమిస్టర్ సగానికి వచ్చేసరికి వాళ్లలో కొందరు తామే మనసు మార్చుకున్నారు, కొందరు మార్చుకోలేదు. రెండూ సరే.

డిప్లొమా పిల్లల విషయంలో ఆ కాగితం కళ్లు తెరిపించింది. మ్యాథ్స్ రాదని వాళ్లకు ముందే ముద్ర వేసేస్తారు. కానీ పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ల్యాబుల్లోనే పెరిగారు, సీ భాషలో లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) వాళ్లకు నోటికి వచ్చు. ఎర్రర్ ఒంటరిగా సరిచేయగలం అని రాసినవాళ్లలో ముందున్నది వాళ్లే.

మొదటి నోడ్ గొడవ

లింక్డ్ లిస్టులో ఒక నోడ్ తీసేసే ప్రోగ్రామ్ చేస్తున్న రోజు జరిగిన సంభాషణ ఇది. లింక్డ్ లిస్టు అంటే ఒక గొలుసు: ప్రతి నోడ్‌లో ఒక విలువ, తర్వాతి నోడ్ ఎక్కడుందో చెప్పే పాయింటర్ ఉంటాయి. డ్రైవర్ అనకాపల్లి వైపు అబ్బాయి, నావిగేటర్ పాడేరు వైపు అమ్మాయి. లిస్టులో 10, 20, 30 ఉన్నాయి. కావలసిన విలువ ఏ నోడ్‌లో ఉందో దాని ముందు నోడ్ దగ్గర ఆగాలి కాబట్టి, లూప్‌లో ఎప్పుడూ "తర్వాతి నోడ్ విలువ" చూసేలా రాశారు. 20 తీసేశారు, పోయింది. మళ్లీ మొదలుపెట్టి 30 తీసేశారు, పోయింది. అబ్బాయి నన్ను పిలవడానికి చెయ్యెత్తాడు.

"ఆగు, 10 తీసి చూద్దాం."

"పోద్దిలే. అదే ఫంక్షన్ కదా."

"ఎలా పోద్ది? నువ్వు మొదట్నుంచీ పక్కదాన్నే చూస్తన్నావ్. మొదటిదాన్ని ఎప్పుడు చూసావ్?"

10 ఇచ్చి నడిపారు. ప్రోగ్రామ్ ఒక్క క్షణం ఆగి, ఏ మాటా చెప్పకుండా బయటికి వచ్చేసింది. లూప్ 20 దగ్గర మొదలై, 10 కోసం వెతుకుతూ 30 కూడా దాటి, లేని నోడ్‌లోకి చూడబోయింది. "ఏటిదీ!" అన్నాడు అబ్బాయి. ఆ తర్వాత బెల్లు మోగింది, కుర్చీలు మారాయి. మొదటి నోడ్‌ను విడిగా చూసే షరతు అమ్మాయే టైప్ చేసింది. లిస్టులో అసలు లేని విలువ ఇస్తే కూడా ఇలాగే అవుతుందని ఈసారి అబ్బాయి పట్టుకున్నాడు.

ఆ అమ్మాయి అంతకుముందు థియరీ క్లాసులో నోరు విప్పింది లేదు. ఇంగ్లిష్‌లో అడగాలేమో అన్న భయం. ల్యాబ్ జంటల్లో మాట పూర్తిగా తెలుగులోనే సాగొచ్చని మొదటి రోజే చెప్పాను. పాయింటర్‌ను పాయింటర్ అనే అంటారు, నోడ్‌ను నోడ్ అనే అంటారు, మిగతా వాక్యం వాళ్ల ఊరి తెలుగులో నడుస్తుంది. ప్లేస్‌మెంట్లలో ఇంగ్లిష్ కావాలి కదా అని సహోద్యోగులు అడిగారు. కావాలి. దానికి వేరే గంటలున్నాయి. లింక్డ్ లిస్టు అర్థం కాని పిల్ల ఇంటర్వ్యూలో ఏ భాషలో మాట్లాడినా లాభం లేదు. 2021లో సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ తెలుగు సహా ప్రాంతీయ భాషల్లో బీటెక్ పాఠాలు చెప్పడానికే అనుమతి ఇచ్చాక, ల్యాబ్‌లో పక్కవాడితో తెలుగులో మాట్లాడటానికి సంకోచం ఎందుకో నాకు అర్థం కాదు.

ఒకడి కోసం మార్చింది

చూపు తక్కువ ఉన్న అబ్బాయి విషయంలో సలహాలన్నీ దయతో నిండినవే. "వాడికి రికార్డు ఒక్కటీ చూసి మార్కులు వేసేయండి మేడం, పాపం." మొదటి ఏడాది అంతా అలాగే నడిచిందని వాడే చెప్పాడు. వాడు ఎన్‌వీడీఏ వాడతాడు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది, 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది. ఫోనూ ల్యాప్‌టాపూ వాడటంలో వాడి వేగం నాకు లేదు. మా ల్యాబ్‌లోనే వాడికి ఏమీ వినపడేది కాదు.

కారణం టర్బో సీ. విండోస్‌కు ముందటి డాస్ కోసం చేసిన ఆ 1990ల నాటి కంపైలర్‌ను ఇవాళ్టి విండోస్‌లో, పాత డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపేవాళ్లం. డాస్‌బాక్స్ అక్షరాలను బొమ్మగా గీస్తుంది, స్క్రీన్ రీడర్‌కు అందులో చదవడానికి ఏమీ దొరకదు. నిజానికి టర్బో సీని ఎప్పుడో అటకెక్కించాల్సింది. అందులో ఇంటీజర్‌కు 16 బిట్ల చోటే, పెద్ద సంఖ్య పట్టదు కాబట్టి 8 ఫ్యాక్టోరియల్ 40320 రావాల్సిన చోట మైనస్ 25216 వస్తుంది, పిల్లలు దాన్ని కూడా రికార్డులో ఎక్కించేస్తారు. అయినా రికార్డు ఫార్మాట్ అదే, పాత ప్రోగ్రామ్‌లన్నీ టర్బో సీకి చెందిన క్లియర్ స్క్రీన్ ఆదేశంతో మొదలవుతాయి, కాబట్టి ఎవరూ కదపలేదు. ఈ అబ్బాయి పేరు చెప్పి హెచ్‌ఓడీ గారిని అడిగితే రెండు రోజుల్లో ఒప్పుకున్నారు. ల్యాబ్ మొత్తం జీసీసీ అనే ఉచిత కంపైలర్‌కు మారింది. విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌లో రాసి కమాండ్ ప్రాంప్ట్‌లో నడపడం. రెండింటినీ ఎన్‌వీడీఏ చదువుతుంది.

అప్పుడు జంట సమస్య వచ్చింది. వాడి పక్కన కూర్చున్నవాడు అలవాటుగా తెర మీద వేలు పెట్టి "ఇక్కడ తప్పు, అది ఇక్కడికి రావాలి" అంటాడు. వాడికి ఇక్కడా అంటే ఎక్కడా తెలియదు. వాడే విసుగొచ్చి చెప్పేశాడు: "లైన్ నంబర్ చెప్పరా. ఆ తర్వాత వేరియబుల్ పేరు చెప్పు. ఇక్కడ, అక్కడ అనకు." రెండు ల్యాబుల తర్వాత ఆ మాటను క్లాసు మొత్తానికి నియమం చేశాను. తెర మీద వేలు పెట్టకూడదు. "17వ లైన్లో టెంప్ ఇంకా పాత నోడ్ మీదే ఉంది" అని చెప్పాలి. చేసిన మార్పులన్నిటిలో ఎక్కువ ఫలితం దీనిదే అనిపించింది నాకు. వేలు పెట్టి చూపించేవాడికి తను చూపించేది ఏమిటో పూర్తిగా తెలియనక్కర్లేదు. పేరు పెట్టి చెప్పాలంటే తెలియాలి. వేరియబుల్స్‌కు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టే అలవాటు కూడా దీంతోనే పోయింది, నోటితో చెప్పలేక వాళ్లే మార్చుకున్నారు.

బోర్డు మీద గీసే బాక్సులూ బాణాలూ మాత్రం వాడికి అందవు. దారానికి గుండీలు కట్టి లిస్టు చేసుకొచ్చింది వాడి జంటలోని అమ్మాయి. ఒక గుండీ తీసేయాలంటే ముందు ముడి ఎక్కడ విప్పాలో, ఏది ముందు కట్టకపోతే మిగతా దారం జారిపోతుందో చేత్తో తెలిసిపోయింది. ఆ దారం తర్వాత క్లాసంతా తిరిగింది.

ముక్కలు కలపడం

సార్టింగ్‌కు, అంటే విలువలను వరసలో పెట్టే పాఠానికి, వేరే పద్ధతి వాడాను. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో, నల్లవాళ్ల, తెల్లవాళ్ల పిల్లలను ఒకే బడిలో చేర్చాక క్లాసుల్లో కొట్లాటలు వచ్చినప్పుడు ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్టు తయారుచేసిన జిగ్‌సా పద్ధతి అది. నలుగురి గుంపు. ఒక్కొక్కరికి ఒక సార్టింగ్ పద్ధతి: ఒకరికి బబుల్, ఒకరికి సెలక్షన్, ఒకరికి ఇన్సర్షన్, ఒకరికి క్విక్. ముందు ఒకే సార్టు వచ్చినవాళ్లందరూ ఒక చోట కూర్చుని తమ ముక్క నేర్చుకుంటారు. తర్వాత సొంత గుంపుకు వచ్చి మిగతా ముగ్గురికీ చెబుతారు. ఆ ముక్క ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి, ఎంత మాట్లాడనివాడి మాటైనా గుంపు వినక తప్పదు.

చివర్లో అందరికీ ఒకే ప్రశ్న: ఇప్పటికే వరసలో ఉన్న లిస్టు ఇస్తే నాలుగింటిలో ఏది త్వరగా ముగుస్తుంది, ఏది ఇబ్బంది పడుతుంది? ఇన్సర్షన్ ఒక్కసారి చూసుకుంటూ వెళ్లిపోతుంది. మొదటి విలువనే పివట్‌గా, అంటే మిగతావాటిని పోల్చి విడగొట్టే విలువగా, తీసుకునే క్విక్ సార్ట్ మాత్రం పేరుకు తగ్గట్టు ఉండదు, ప్రతిసారీ ఒక్క విలువే విడిపోయి దాని పని ఎన్ స్క్వేర్‌కు, అంటే విలువల సంఖ్యను దానితోనే గుణించినంతకు, పోతుంది. ఏ ఒక్క ముక్కతోనూ జవాబు రాదు. క్విక్ నేర్చుకున్న గాజువాక కుర్రాడు తన ముక్కే గొప్పదని అరగంట నుంచి చెబుతున్నాడు. ఇన్సర్షన్ వచ్చిన డిప్లొమా అబ్బాయి కాగితం మీద 1, 2, 3, 4, 5 రాసి, రెండూ చేసి చూపించాడు. కుర్రాడు కాసేపు లెక్కపెట్టుకుని "సరే" అన్నాడు. అంతే.

ఫోన్లో ఏఐని అడిగి కోడ్ దించేసే పని జంటల్లోనూ నడిచింది, ఇద్దరూ కలిసి దించేవాళ్లు. దానికి పార్సన్స్ చీటీలు కొంత పనికొచ్చాయి. 2006లో న్యూజిలాండ్‌లో డేల్ పార్సన్స్, ప్యాట్రిషియా హేడెన్ మొదలుపెట్టిన పద్ధతి: సరైన ప్రోగ్రామ్‌నే లైన్ల వారీగా కత్తిరించి కలిపేసి ఇస్తారు, వరసలో పేర్చాలి. ఒకటి రెండు తప్పు లైన్లు కూడా వేస్తాను. టైపింగ్ రానివాడికీ, సెమికోలన్ దగ్గర ఇరుక్కునేవాడికీ ఇందులో అడ్డం లేదు. ల్యాబ్ మొదటి అరగంట చీటీలే, ఆ తర్వాతే సిస్టమ్ ఆన్. చూపు తక్కువ ఉన్న అబ్బాయికి అవే లైన్లు ఫైల్‌లో ఇచ్చాను.

మార్కులు, బస్సులు

ఇంటర్నల్స్‌లో రోజువారీ మార్కులు నా చేతిలో ఉంటాయి. జంట పిలిచినప్పుడు చీటీ తీస్తాను, పేరు వచ్చినవాళ్లే కోడ్ వివరించాలి, ఆ మార్కు ఇద్దరికీ పడుతుంది. దీంతో కోడ్ కొట్టేవాడికి పక్కవాడి అర్థం కూడా తన పని అయింది. ఊహించినట్టే ఒక తండ్రి ఫోన్ చేశారు: "మేడం గారూ, మావాడి మార్కులు ఇంకొకరి వల్ల ఎందుకు పోవాలండీ?" అడగదగ్గ ప్రశ్నే. అందుకే ఉమ్మడి మార్కు చిన్నదిగా ఉంచి, ఒంటరి వైవాను పెద్దదిగా ఉంచాను. జంట కుదరలేదంటే చీటీ రాసి నాకు ఇవ్వొచ్చు, మూడు ల్యాబులు ఆగక్కర్లేదు.

క్లాసులో ప్రతి ప్రశ్నకూ ముందే జవాబు చెప్పేసే కుర్రాడితో విడిగా మాట్లాడాను. నీకు వచ్చని నాకు తెలుసు, మిగతావాళ్లకు వచ్చో లేదో తెలియాలంటే నువ్వు ఆగాలి అన్నాను. ముఖం మాడ్చుకున్నాడు, రెండు వారాల తర్వాత మామూలైపోయాడు.

ఇంటికి గ్రూప్ ప్రాజెక్టు ఇవ్వడం పూర్తిగా మానేశాను. కాలేజీ బస్సు సాయంత్రం బయలుదేరిపోతుంది, గాజువాకలో దిగేవాళ్లకు ఇల్లు చేరేసరికి చీకటి. అమ్మాయిల హాస్టల్ గేటు త్వరగా మూస్తారు. సాయంత్రం కలుసుకుని చేయండి అంటే అబ్బాయిల హాస్టల్లో ఉన్నవాళ్లు చేస్తారు, మిగతావాళ్ల పేర్లు అట్ట మీద ఉంటాయి. కలిసి చేయాల్సింది ఏదైనా ల్యాబ్ మూడు గంటల్లోనే అయిపోవాలి.

సెమిస్టర్ చివర వైవాలో మౌనం తగ్గింది. తెలుగు మీడియం పిల్లలు "తెలీదు మేడం" దగ్గర ఆగకుండా తెలిసినంత వరకు చెప్పి, అక్కడి నుంచి తెలియదు అనడం మొదలుపెట్టారు. కోడ్ ముందే బాగా వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఈ పద్ధతి చివరిదాకా నచ్చలేదు, వేగం తగ్గిపోయిందని వాళ్ల ఫీడ్‌బ్యాక్‌లో ఉంది. అది నిజమే. ఒక్కో ల్యాబ్‌కు రెండు ప్రోగ్రామ్‌లు అయ్యేచోట ఒకటే అయింది, సిలబస్‌లో చివరి రెండు ప్రయోగాలు హడావుడిగా ముగించాను. వచ్చేసారి పాత ప్రోగ్రామ్‌లలో నాలుగింటిని తీసేయమని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు రాసి పంపాను.

ఎక్స్‌టర్నల్ ల్యాబ్ పరీక్షకు వేరే కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. చూపు తక్కువ అబ్బాయికి బదులుగా రాసిపెట్టే స్క్రైబ్ ఉన్నాడా అని అడిగారు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి, ఆ సమయం అడిగి తీసుకున్నాడు. స్క్రైబ్ వద్దన్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్టాక్ ప్రోగ్రామ్ ఒక్కడే రాశాడు, ఎగ్జామినర్ ఒక లైన్ మీద వేలు పెట్టి "ఇదేంటి" అని అడిగితే "ఎన్నో లైన్ సార్?" అన్నాడు.